పికప్ కొనే ముందు: మీ గిటార్ 'గుయ్' మనేది ఎక్కడి నుంచి?

జక్రాన్‌పల్లి నుంచి ఇంకో ఎపిసోడ్. చాలా రోజుల నుంచి మీరు అడుగుతున్న టాపిక్ ఇది. ఎలక్ట్రిక్ గిటార్‌కి పికప్ మార్చాలంటే ఏది కొనాలి?

ముందు ఒక మెసేజ్ చదువుతా. మా మండలంలోనే ఉండే ఒక తమ్ముడు పెట్టిండు. ఉన్నది ఉన్నట్టే చదువుతున్నా. "అన్నా, గిటార్ ఆన్ చేస్తే చాలు గుయ్యిమంటుంది. డిస్టార్షన్ పెడితే ఇంకా ఎక్కువైతది. చర్చిల వాయించేటప్పుడు అందరు వెనక్కి తిరిగి చూస్తున్నరు. మూడు పికప్‌లు మార్చాలని చూస్తున్న. పసుపు అమ్మిన పైసల్ల బాపు 30 వేలు ఇస్తా అన్నడు. ఏ కంపెనీవి తీసుకోమంటవు?"

పేరున్న విదేశీ పికప్ ఒక్కటే పదివేలకు అటూ ఇటూ ఉంటది. మూడు అంటే ఆయన చెప్పిన 30 వేలు అయిపోయినట్టే. ఆయన గిటార్ ఖరీదు 15 వేలు. తొమ్మిది నెలలు భూమిలో ఉండి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి అమ్మిన పసుపు డబ్బు అది. అందుకని కంపెనీ పేరు చెప్పి మెసేజ్ ముగించకుండా, గిటార్, ఆంప్ రెండూ పట్టుకుని రమ్మన్నా. ఆ రోజు మేము చేసిన పరీక్షలే ఇవాళ్టి వీడియో.

సూటిగా చెప్పాలంటే విషయం ఇదీ. పికప్ కొన్ని జబ్బులకే మందు. మీ గిటార్‌కి ఉన్నది ఆ జబ్బేనా కాదా అని రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. తేలిన తర్వాతే కొనాలి.

అసలు పికప్ అంటే ఏంది? పదో తరగతి భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం గుర్తుందా? ఫారడే 1831లో కనిపెట్టింది. తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే ఆ చుట్టలో కరెంటు పుడుతది. పికప్ అచ్చంగా అదే. మధ్యలో అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ 7–8 వేల చుట్లు. పైన స్టీల్ స్ట్రింగ్ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతది, చుట్టలో చిన్న వోల్టేజ్ పుడుతది, దాన్ని ఆంప్ పెద్దది చేస్తది. పికప్ గాలిలో శబ్దాన్ని వినదు, ఇనుము కదలికను పట్టుకుంటది. నైలాన్ స్ట్రింగ్స్ వేస్తే ఏమీ వినపడకపోవడానికి కారణం ఇదే. అమెరికాలో జార్జ్ బోషాంప్ రూపొందించి, 1932లో రికెన్‌బ్యాకర్ వాళ్లు అమ్మిన మొదటి ఎలక్ట్రిక్ గిటార్ నుంచి ఇవాళ్టి దాకా సూత్రం మారలేదు.

ఇప్పుడు చిక్కు ఎక్కడంటే, ఆ రాగి చుట్టకి స్ట్రింగ్ ఊగితే వచ్చిన మార్పు, ఇన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిన మార్పు రెండూ ఒకటే. తేడా తెలియదు, రెండింటినీ పట్టుకుంటది. మన కరెంటు 50 హెర్ట్జ్. దాంతోపాటు 100, 150 కూడా వినిపిస్తాయి. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ, లో ఈ, 82 హెర్ట్జ్. 100 హెర్ట్జ్ అంటే జి స్వరం కన్నా కొంచెం పైన. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి వాళ్ల గిటార్ వేరే స్వరంలో మూలుగుతది. మన దగ్గర దాదాపు జి. కావాలంటే ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి, స్ట్రింగ్ ముట్టకుండా ఆంప్ ముందు పెట్టి చూడండి.

[ఇక్కడ ఆంప్ హమ్ వినిపిస్తుంది]

సరే, ఇక పరీక్షలు. మొదటిది సౌండ్ కోసం కాదు, ప్రాణం కోసం.

ఆంప్ ప్లగ్ చూడండి. మూడు పిన్నులుండాలి. పైన ఉండే లావు పిన్ను ఎర్త్. మన దగ్గర ఏం చేస్తారు? ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టట్లేదని ఆ పిన్ను విరగ్గొడతారు, లేకపోతే రెండు పిన్నుల కన్వర్టర్ పెడతారు. గిటార్ స్ట్రింగ్స్ బ్రిడ్జ్ నుంచి ఒక వైరుతో జాక్‌కి, అక్కడి నుంచి కేబుల్ ద్వారా ఆంప్ బాడీకి, ఆంప్ నుంచి ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఎర్త్ లేదనుకోండి, ఆంప్ లోపల ఎక్కడైనా లీకేజ్ ఉంటే ఆ కరెంటు నేరుగా మీ స్ట్రింగ్స్ మీదికి వస్తది. చేతిలో గిటార్, పెదాలకు వేరే లైను మీద ఉన్న మైక్. మధ్యలో మీరే వైరు. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్ట్, స్టోన్ ద క్రోస్ బ్యాండ్ ఆయన, స్టేజీ మీదే ఎర్త్ సరిగ్గా లేని మైక్ పట్టుకుని షాక్ కొట్టి చనిపోయాడు. పెళ్లి పందిట్లో, వినాయక మండపం దగ్గర, జనరేటర్ మీద వాయించేవాళ్లు దీన్ని రాసి పెట్టుకోండి. స్ట్రింగ్స్‌కి టెస్టర్ పెడితే లైటు వెలిగిందా, ఆ రోజు ప్రోగ్రాం బంద్. టెస్టర్ వెలగలేదు కదా అని ఎర్త్ ఉన్నట్టు కాదు. అది ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. మే నెలలో నేల ఎండిపోతే ఇంటి ఎర్త్ గుంత కూడా పని చేయడం తగ్గుతది. దాంట్లో నీళ్లు పోయమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే.

తమ్ముడి ఆంప్ ప్లగ్ బాగానే ఉంది. కానీ ఇంట్లో వాడే ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా తెచ్చిండు, దాని వైరు విప్పి చూస్తే లోపల రెండే తీగలు. పైకి మూడు రంధ్రాలున్నాయి గానీ ఎర్త్ లేనే లేదు.

రెండో పరీక్ష. గిటార్ వాల్యూమ్ నాబ్ సున్నా చేయండి. గుయ్ అనేది అప్పటికీ ఉందా? ఉంటే అది పికప్ నుంచి రావట్లేదు. ఆంప్, కేబుల్, కరెంటు, ఈ మూడిట్లో ఒకటి. ప్రపంచంలోనే ఖరీదైన పికప్ పెట్టినా అది పోదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద పెట్టినప్పుడు తమ్ముడి ఆంప్ వాల్యూమ్ సున్నాలో కూడా గుయ్యిమంది. గోడకున్న ఎర్త్ సాకెట్లో నేరుగా పెట్టినం. సున్నాలో నిశ్శబ్దం. ఆయన బాధలో పెద్ద ముక్క అక్కడే పోయింది, ఖర్చు లేదు.

మూడో పరీక్ష. వాల్యూమ్ పెంచండి, స్ట్రింగ్స్ మీద చెయ్యి పెట్టండి, తీయండి. చెయ్యి పెడితే శబ్దం తగ్గితే భయం లేదు, స్ట్రింగ్స్ ఎర్త్ బాగానే ఉంది. కాకపోతే గిటార్ లోపల షీల్డింగ్ లేదని అర్థం. మీ శరీరం గాలిలో ఉన్న కరెంటు గోలను యాంటెన్నా లాగా పట్టి పికప్‌కి అందిస్తోంది. స్ట్రింగ్ ముట్టుకోగానే మీరు కూడా ఎర్త్ అయిపోతున్నారు కాబట్టి తగ్గుతోంది. దీనికి మందు రాగి రేకు టేప్. పిక్‌గార్డ్ విప్పి, లోపలి గుంత మొత్తం, పిక్‌గార్డ్ వెనకాల కూడా అతికించి, దాన్ని గ్రౌండ్ వైరుకి కలపాలి. రేకు ముక్కలు ఒకదానికొకటి తగిలేటట్టు చూడండి. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెడితే తెలిసిపోతది. కోఠి గుజరాతీ గల్లీలో గానీ ఆన్‌లైన్‌లో గానీ కొన్ని వందల్లో దొరుకుతది. ఒకవేళ చెయ్యి పెడితే శబ్దం పెరిగితే మాత్రం వాయించడం ఆపి మొదటి పరీక్షకి వెనక్కి వెళ్లండి. గ్రౌండ్ వైరింగ్‌లో తప్పుంది.

నాలుగో పరీక్ష. గిటార్ వేసుకుని, ఉన్నచోటే నిలబడి మెల్లగా గుండ్రంగా తిరగండి. ఒక దిక్కున గుయ్ ఎక్కువ, ఇంకో దిక్కున తక్కువ అవుతోందా? అయితే అది అయస్కాంత క్షేత్రం. ఇన్వర్టర్, ఆంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్, దగ్గర్లో నడుస్తున్న మోటార్, ఇలాంటివి. రాగి రేకు దీన్ని ఆపలేదు. ఇదొక్కటే, నిజంగా పికప్ మారిస్తే పోయే గుయ్. మా హాల్లో ఇన్వర్టర్ ఉన్న మూల వైపు తిరిగితే తమ్ముడి గిటార్ గట్టిగా మూలిగింది, అడ్డంగా తిరిగితే సగానికి తగ్గింది.

ఈ గుయ్ కోసమే హంబకర్ పుట్టింది. గిబ్సన్ కంపెనీ ఇంజనీర్ సెత్ లవర్ 1955లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు, 1957 నుంచి గిటార్లలో వచ్చింది. ఐడియా చాలా సింపుల్. ఒక చుట్ట బదులు రెండు. రెండోది ఉల్టా చుట్టారు, దాని అయస్కాంతం కూడా ఉల్టా పెట్టారు. బయటి నుంచి వచ్చే గుయ్‌కి అయస్కాంతంతో పని లేదు. ఒక చుట్టలో ప్లస్, ఇంకోదాంట్లో మైనస్, కలిపితే సున్నా. స్ట్రింగ్ సిగ్నల్ మాత్రం చుట్ట ఉల్టా, అయస్కాంతం ఉల్టా, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. రెండూ కలిసి బలంగా వస్తది.

ఇంకో ఉచిత చిట్కా. మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న గిటార్లలో చాలావాటికి మధ్య పికప్ ఇలాగే ఉల్టాగా ఉంటది. అప్పుడు స్విచ్ రెండో స్థానంలో, నాలుగో స్థానంలో రెండు పికప్‌లు కలిసి హంబకర్ లాగా పనిచేస్తాయి. తమ్ముడి దాంట్లో కూడా ఆ రెండు స్థానాల్లో గుయ్ పడిపోయింది. చర్చిలో నెమ్మదిగా సాగే పాటలకి అవే సరిపోతాయి.

ఇన్ని పరీక్షలు అయ్యాక మిగిలింది ఎంత? బ్రిడ్జ్ పికప్ ఒక్కటి, డిస్టార్షన్ పెట్టినప్పుడు. ఇప్పుడు "ఏది కొనాలి" అనే ప్రశ్నకి అర్థం వచ్చింది.

ఏ వాద్యం కొన్నా ముందు నాకేం కావాలో తేలాలి అనేదానికి మన తెలుగు నేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్, మనందరికీ మాండొలిన్ శ్రీనివాస్. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. మీటగానే స్వరం టప్పున ఆరిపోతది. కర్ణాటక సంగీతానికి గమకం కావాలి. స్వరం నిలబడితేనే తీగను లాగి ఊపగలం. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎంచుకుని, జతలు తీసేసి, ఒంటి తీగలు ఐదు పెట్టి వాయించారు. గట్టిగా వినపడాలని మాత్రమే కాదు, గమకం పలకాలని. అవసరం ముందు, సామాన్లు తర్వాత. 1998లో పద్మశ్రీ వచ్చింది, 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయన వీడియోలు చూసేటప్పుడు ఈసారి ఎడమ చేతిని గమనించండి.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి? ఐదు సంగతులు.

ఒకటి, సైజు. ఫుల్ సైజు హంబకర్ మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న పిక్‌గార్డ్‌లో పట్టదు, కోయాల్సి వస్తది. సింగిల్ కాయిల్ సైజులోనే చేసిన హంబకర్లు ఉన్నాయి. సేమూర్ డంకన్‌లో హాట్ రెయిల్స్, లిటిల్ 59, డిమార్జియోలో ఫాస్ట్ ట్రాక్ లాంటివి. ఇక ఫుల్ సైజు హంబకర్ ఉన్న గిటార్ అయితే బ్రిడ్జ్ దగ్గర మొదటి స్ట్రింగ్ నుంచి ఆరో స్ట్రింగ్‌కి దూరం స్కేలుతో కొలవండి. గిబ్సన్ తరహా అయితే దాదాపు 50 మిల్లీమీటర్లు, ఫెండర్ తరహా అయితే దాదాపు 52. దాన్ని బట్టి ఆర్డర్ చేయాలి.

రెండు, కిలో ఓమ్ నంబర్. డబ్బా మీద 8 అని ఒకదానికి, 16 అని ఇంకోదానికి ఉంటది. 16 అంటే రెట్టింపు పవర్ అనుకుంటారు. కాదు. అది రాగి తీగ నిరోధం మాత్రమే. తీగ సన్నగా ఉంటే చుట్లు అన్నే ఉన్నా నిరోధం పెరుగుతది. ఒకే రకం పికప్‌లను పోల్చడానికి పనికొస్తది, అంతే. ఇంకో తమాషా. రాగి నిరోధం ఒక్క డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతది. 20 డిగ్రీల్లో 8 కిలో ఓమ్ ఉన్న పికప్, మన మే నెల ఎండలో 43 డిగ్రీలకు వేడెక్కితే మీటర్ మీద 8.7 చూపిస్తది. నకిలీ మాల్ ఇచ్చాడని షాపాయనతో గొడవ పెట్టుకోకండి.

మూడు, అయస్కాంతం. ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన మిశ్రమం. ఆల్నికో 2 మెత్తగా ఉంటది, ఆల్నికో 5 బలంగా, మెరుపుగా ఉంటది, సిరామిక్ ఇంకా బలంగా, డిస్టార్షన్‌లో బిగుతుగా ఉంటది. కానీ అయస్కాంతం ఒక్కటే సౌండ్ కాదు, చుట్లు, తీగ, ఎత్తు అన్నీ కలిస్తేనే.

నాలుగు, వాల్యూమ్ పాట్, కేబుల్. సింగిల్ కాయిల్స్‌కి సాధారణంగా 250 కిలో ఓమ్ పాట్, హంబకర్లకు 500. 250లో పైస్థాయి మెరుపు కొంచెం తగ్గుతది. కేబుల్ పొడవు పెరిగినా అంతే. గిటార్ మబ్బుగా వినిపిస్తోందని పికప్ మార్చాలనుకునేవాళ్లు, ముందు 6 మీటర్ల కేబుల్ తీసేసి 3 మీటర్లది పెట్టి వినండి.

ఐదు, వైర్ల రంగులు. సేమూర్ డంకన్‌లో హాట్ వైరు నలుపు, డిమార్జియోలో ఎరుపు. కంపెనీ కంపెనీకి మారుతది. ఆ కంపెనీ డయాగ్రామ్ చూడకుండా సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోవద్దు. రెండు పికప్‌లు కలిపినప్పుడు సౌండ్ పీలగా, డొల్లగా వస్తే ఒకటి ఉల్టా కలిసిందని అర్థం.

ఇంకొకటి, అన్నిటికన్నా చవకైన అప్‌గ్రేడ్, స్క్రూడ్రైవర్. చివరి ఫ్రెట్ నొక్కిపెట్టి, స్ట్రింగ్‌కి పికప్‌కి మధ్య దూరం 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పెట్టి వినండి. దగ్గరికొస్తే సౌండ్ బలం పెరుగుతది. మరీ దగ్గరైతే అయస్కాంతం స్ట్రింగ్‌నే లాగి, స్వరం తేడా వస్తది. పావు చుట్టు తిప్పడం, వినడం, మళ్లీ తిప్పడం. అరగంట పట్టినా పర్వాలేదు.

తమ్ముడి విషయంలో మేమిద్దరం తేల్చింది ఇది. మంచి మూడు తీగల ఎక్స్‌టెన్షన్ బాక్స్, రాగి రేకు, బ్రిడ్జ్ దగ్గర సింగిల్ కాయిల్ సైజు హంబకర్ ఒక్కటి. మధ్యది, నెక్ దగ్గరిది అలాగే ఉంచడం. ఆ చిన్న గిటార్ సౌండ్ ముందే కొంచెం గుచ్చుకునే రకం కాబట్టి 250 పాట్ కూడా మార్చలేదు. ఇందులో ఒక నష్టం ఉంది, దాచను. బ్రిడ్జ్ పికప్ మారింది కాబట్టి ఇప్పుడు రెండో స్థానంలో కొంచెం గుయ్ తిరిగి వస్తది. ఎందుకంటే మధ్య సింగిల్ కాయిల్ గుయ్‌ని కొట్టేయడానికి దాని జంట లేదు. నాలుగో స్థానం మాత్రం పాతలాగే శుభ్రంగా ఉంటది. "నాలుగో దాంట్ల వాయించుకుంట అన్నా, ఏంగాదు" అన్నడు. 30 వేల బిల్లు మూడో వంతు దగ్గర ఆగింది.

మరి పికప్‌లు మొత్తం మార్చడం ఎప్పుడు న్యాయం? గిటార్ చెక్క, మెడ, ఫ్రెట్లు, ట్యూనర్లు మీకు నచ్చి, శ్రుతి నిలబడుతూ, ఎర్తింగ్ షీల్డింగ్ అన్నీ సరిచేసి, ఎత్తు కూడా సెట్ చేసి, అప్పటికీ మీ చెవిలో ఉన్న సౌండ్ రాకపోతే. అప్పుడు ధైర్యంగా కొనండి. శ్రుతి నిలవని గిటార్‌కి పికప్ మారిస్తే, తప్పు స్వరం ఇంకా స్పష్టంగా వినిపిస్తది, అంతే.

వచ్చే ఎపిసోడ్‌లో పిక్‌గార్డ్ విప్పి రాగి రేకు అతికించడం, సోల్డరింగ్, మొత్తం చేసి చూపిస్తా. దానికి ముందు మీకొక హోంవర్క్. ఇవాళ ఇంట్లో ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ వైరు ఒకసారి చూడండి, లోపల తీగలు రెండా, మూడా? గిటార్ లేనివాళ్లు కూడా. ఉంటా మరి, నమస్తే.